సుధా కార్స్ మ్యూజియం: నిలబడి కాదు, వంగి చూడాలి

తప్పు మాదే. సోమవారం జూ పార్కుకి సెలవని హైదరాబాద్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన నాకు మాత్రం గేటు ముందు ఆటో దిగాకే గుర్తొచ్చింది. పాపకి స్కూలు లేదు, నేను ఆఫీసుకి లీవు పెట్టాను, మోకాళ్ల నొప్పులని మొండికేసిన నాన్నని బతిమాలి బయల్దేరదీశాను, ఉప్పల్ నుంచి బహదూర్‌పురా దాకా దాదాపు గంట ప్రయాణం, తీరా చూస్తే తాళం. దారి పొడుగునా ఊరి రాజకీయాలన్నీ చెప్పిన ఆటో అతను డబ్బులు తీసుకుంటూ "ఇయ్యాల మండే కదా మేడం" అన్నాడు. ఆ ముక్క ఉప్పల్‌లోనే అని ఉంటే బాగుండేది. ఎనిమిదేళ్ల పిల్ల కింది పెదవి వణకడం మొదలైంది, పులిని చూపిస్తానని నేను వారం నుంచి ఊరిస్తున్నాను మరి.

అదే ఆటో అతను పాప మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు, పక్కనే సుధా కార్ల మ్యూజియం ఉంది కదా, పిల్లలకి బాగుంటది, దింపుతా ఎక్కండి అన్నాడు. పేరు విన్నాను గానీ ఎప్పుడూ వెళ్లలేదు. చెప్పు ఆకారంలో కారు, బర్గర్ ఆకారంలో కారు, ఏదో పిల్లల పార్కు వ్యవహారం అనుకునేదాన్ని. నాన్న అయితే టికెట్ కౌంటర్ చూసి అక్కడే ఆగిపోయాడు. "ముప్పై ఏండ్లు రేకు కొట్టిన బిడ్డా, మల్లా పైసలు కట్టి రేకు చూడాల్నా?" అన్నాడు. నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేసేవాడు, మొదట డెంటింగు, తర్వాత పెయింటింగు. లారీ వెనక తామరపువ్వు, చిలకలు, "సౌండ్ హారన్" రాతలు, అన్నీ ఎవరి దగ్గరా నేర్చుకోకుండా చేత్తో పట్టుకున్న పనే. మీరు బయట కూర్చోండి మేం చూసొస్తాం అంటే ఎండ చూసి లోపలికొచ్చాడు. ఈ రివ్యూలో పనికొచ్చే మాట ఏదైనా ఉంటే అది ఆయన చలవే, నేనొక్కదాన్నే వెళ్లి ఉంటే పది ఫొటోలు తీసుకుని బయటికొచ్చేసేదాన్ని.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది ఒక్క మనిషి మ్యూజియం. కన్యబోయిన సుధాకర్ గారని హైదరాబాద్ మనిషే, స్కూలు రోజుల్లో సరదాగా బండ్లు తయారుచేయడం మొదలుపెట్టి, ఆ సరదా వదలకుండా పెరిగి పెద్దదై చివరికి 2010లో మ్యూజియం అయింది. లోపల ఉన్నవన్నీ చేత్తో చేసినవి. చాలావాటి దగ్గర ఏ సంవత్సరంలో చేశారో, ఎంత స్పీడు పోతుందో బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ స్పీడు అంకె చూడటం మర్చిపోకండి, ఎందుకంటే ఇవి బొమ్మలు కావు, ఇంజిను ఉండి నడిచే బండ్లు అని మనకి గుర్తు చేసేది అదే. పాప ముందు నమ్మలేదు. "అంటే స్నూకర్ టేబుల్ రోడ్డు మీద పోతుందా?" అని మూడుసార్లు అడిగింది.

మన ఊళ్లో మ్యూజియం అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సాలార్‌జంగ్. అదీ ఒక రకంగా ఒక్క మనిషి పిచ్చే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లీ పెటాకులూ లేకుండా దేశదేశాల వస్తువులు కొనుక్కుంటూ పోయాడు, ఆయన పోయాక 1951లో అదంతా జనం చూసే మ్యూజియం అయింది. మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని చూసి ఆ పాలరాతి ముసుగు వెనక మొహం ఎలా కనిపిస్తుందా అని నోరు తెరిచిన రోజులు నాకింకా గుర్తే. కానీ అది చెక్కిన బెంజోనీ ఇటలీలో ఉన్నాడు, కొన్న మొదటి సాలార్‌జంగ్, అంటే ఈయన తాత, ఇక్కడ ఉన్నాడు, మనం ఆ ఇద్దరికీ దూరంగా తాడు ఇవతల నిలబడ్డాం. అక్కడినుంచి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ బహదూర్‌పురా మ్యూజియంలో కొన్నవాడూ చేసినవాడూ ఒక్కడే, పైగా వాడింది మన జుమ్మేరాత్ బజార్‌లో కనిపించేలాంటి తుక్కు సామాను. అందుకే ఇక్కడ "అబ్బ, ఎంత ఖరీదో" అన్న మాట నోట్లోంచి రాదు. "ఇదెట్లా చేశాడు" అన్న మాటే వస్తుంది.

లోపలికెళ్లిన ఐదు నిమిషాలకి మాకొక ఆట దొరికింది. డ్రైవర్ ఎక్కడ? ప్రతి బండి ముందూ నిలబడి, డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడో ముందు ఎవరు చెబితే వాళ్లకి ఒక పాయింటు. కెమెరా కారు, కంప్యూటర్ కారు, క్రికెట్ బంతి, బ్యాటు, ఫుట్‌బాల్, సోఫా, డబుల్ కాట్ మంచం, హ్యాండ్‌బ్యాగు, కప్పూ సాసరూ, హెల్మెట్, వంకాయ. మీరు కూడా పిల్లల్ని తీసుకెళ్తే ఈ ఆట ఆడించండి, ఎందుకంటే ఆ ప్రశ్న అడగగానే చూపు మారిపోతుంది. అప్పటిదాకా "హహ వంకాయ" అని నవ్వుకునే బండి కాస్తా ఒక్కసారిగా లెక్కలా కనిపిస్తుంది. మనిషి పట్టాలి, వాడికి ముందు దారి కనపడాలి, కాళ్ల కింద బ్రేకు ఉండాలి, చేతిలో స్టీరింగు తిరగాలి, ఇంజిను ఎక్కడో దాక్కోవాలి, చక్రాలు బయటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు, ఇన్ని దాచినా బయటినుంచి చూసేవాడికి అది వంకాయలానే ఉండాలి. తొడిమతో సహా. నాకు గుత్తి వంకాయ కూర గుర్తొచ్చిందంటే తప్పు నాది కాదు, కారం కూరి లోపల ఏమీ కనిపించకుండా మూసినట్టే ఉంది.

ఈ ఆటలో నాన్న మొదట్లో పాల్గొనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా నడుస్తున్నాడు. ముట్టుకోకూడదు కదా, చేతులు ముందుంటే ఆగవట, అందుకని వెనక్కి కట్టుకున్నానని తర్వాత చెప్పాడు. ఫుట్‌బాల్ కారు దగ్గర మాత్రం ఆగాడు. ఒక పక్కకి జరిగాడు, మోకాళ్ల నొప్పులున్న మనిషి నెమ్మదిగా వంగి, తల పక్కకి వాల్చి, బంతి వైపు కాకుండా బంతి మీద పడుతున్న లైటు వైపు చూడటం మొదలుపెట్టాడు. ఏం చూస్తున్నావు నాన్నా అంటే నన్నూ వంగమన్నాడు. షెడ్డులో పని అయిపోయాక మేస్త్రీ బండి చుట్టూ తిరిగి రంగు మీద ట్యూబ్‌లైట్ నీడ చూస్తాడట. ఆ నీడ గీత తిన్నగా జారిపోతే పని బాగున్నట్టు, ఎక్కడైనా విరిగినా అలలా ఊగినా అక్కడ రేకు సొట్ట ఉన్నట్టో, సొట్టలు పూడ్చే పుట్టీ ఎక్కువైనట్టో. ఎంత మంచి రంగేసినా ఆ నీడ ముందు దాచలేరట. బంతి మీద కాసేపు అలాగే చూసి "లైటు ఇరగలే" అన్నాడు. అంతే. మా నాన్న దగ్గర ఆ మాట మీరనుకుంటున్నదానికంటే చాలా పెద్ద మెచ్చుకోలు, నాకు డిగ్రీలో ఫస్ట్ క్లాసు వచ్చినప్పుడు కూడా "మంచిదే" అనే అన్నాడు.

అక్కడినుంచి మా గైడు ఆయనే. గుండ్రటి బండి చేయడం ఎంత కష్టమో చెప్పడానికి నా చేతిలో ఉన్న టికెట్ కాగితం తీసుకున్నాడు. కాగితాన్ని ఒక పక్కకి వంచితే గొట్టంలా వంగుతుంది. రెండు పక్కలా ఒకేసారి వంచమంటే వంగదు, ముడత పడుతుంది. రేకూ అంతే. తలుపు లాంటివి ఒక వైపే వంగుతాయి కాబట్టి ఎవరైనా చేస్తారు. బంతి అలా కాదు. రేకుని నారింజ తొనల్లా కోసి ఒక్కో తొననీ ఇసుక సంచి మీద పెట్టి సుత్తితో కొడుతూ బొద్దుగా చేసి, తర్వాత అంచులు కలిపి వెల్డింగు పెట్టాలి, అదీ వేడికి రేకు లాక్కుపోకుండా అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క పెట్టుకుంటూ. ఆపైన పుట్టీ, ఆరాక నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్‌తో రుద్దడం, ప్రైమర్, మళ్లీ రుద్దడం, అప్పుడు రంగు. "నేనైతే గిట్ల చేస్త, ఆయన ఎట్ల చేసిండో నాకెర్క లేదు" అని జాగ్రత్తగా ఒక మాట చేర్చాడు. పనివాడి మర్యాద అన్నమాట, ఇంకొకడి పని రహస్యం తనకి తెలిసినట్టు మాట్లాడడు.

ఆయన లెక్కలో మంచం, స్నూకర్ టేబుల్ లాంటివి చదునుగా ఉంటాయి కాబట్టి రేకు పని తక్కువ, కానీ తిప్పలు ఇంకోచోట. చదును బండికి ఇంజిను ఎక్కడ దాస్తావు? మంచం కింద ఎంత జాగా ఉంటుంది? పైగా స్కూటర్, మోటార్ సైకిల్ ఇంజిన్లు చాలావరకు గాలికే చల్లబడేవి, అందుకే వాటి చుట్టూ ఆ రెక్కలు రెక్కలుగా ఉంటుంది, బండి పోతుంటే గాలి తగిలి వేడి దిగుతుంది. అలాంటిదాన్ని పెట్టెలో పెట్టి మూస్తే పది నిమిషాల్లో కాగిపోతుంది. కాబట్టి గాలి రావడానికో దారి, పోవడానికో దారి ఉండాలి, అవి చూసేవాడికి కనిపించకూడదు. ఇది చెప్పి ఆయన ప్రతి బండి దగ్గరా వంగి గాలి దారి వెతకడం మొదలుపెట్టాడు. పాపకి డ్రైవర్ ఆట, ఆయనకి గాలి ఆట. నేను ఇద్దరి వెనకా చెప్పులు, నీళ్ల సీసా, బ్యాగూ మోస్తూ తిరిగాను. చెప్పులు ఎందుకంటే పాపకి కొత్త శాండిల్ కరుస్తోంది, దానికీ మ్యూజియానికీ సంబంధం లేదు.

ఎత్తుమడమ చెప్పు కారు గురించి ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది. అంత ఎత్తు మడమ, ముందుకి జారే పాదం, బరువంతా ఎటుపోతుందో ఆలోచిస్తే బ్రేకు వేయగానే ముక్కు నేలకి తగలాలి, తగలకుండా నిలబెట్టడం గొప్పే. కానీ ఆ చెప్పు, లిప్‌స్టిక్కు, హ్యాండ్‌బ్యాగు, ఇవన్నీ మహిళా దినోత్సవం సందర్భంగా చేసినవి. పనితనానికి వంకపెట్టను గానీ మహిళా దినోత్సవం అనగానే మగవాళ్ల బుర్రలోకి లిప్‌స్టిక్కే ఎందుకొస్తుందో నాకర్థం కాదు. ప్రెషర్ కుక్కర్ కారు చేసినా తిట్టేదాన్నే అనుకోండి. మా అక్కకి ఫొటో పంపిస్తే మాత్రం "ఆ చెప్పు నాకు కావాలి" అని ఒకటే గొడవ. కాబట్టి ఈ విషయంలో ఆడవాళ్ల అభిప్రాయం అని ఒకటి లేదు, నాది నాది.

సిగరెట్ బండి, కండోమ్ బండి కూడా ఉన్నాయి. మొదటిది పొగతాగొద్దని చెప్పడానికి, రెండోది ఎయిడ్స్ గురించి అవగాహన కోసం చేసినవి. ఎనిమిదేళ్ల పిల్లతో వెళ్తున్నవాళ్లు రెండోదాని దగ్గర ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లండి, నేను అనుకోలేదు. "ఇదేంటమ్మా" అని అడిగింది. నేను నాన్న వైపు చూశాను, నాన్న సిగరెట్ బండి కింద గాలి దారిని అంత ఏకాగ్రతతో ఎప్పుడూ వెతకలేదు. చివరికి జబ్బులు రాకుండా పెద్దవాళ్లు వాడేదని చెబితే "మాస్కులాగా?" అంది, అవును మాస్కులాగే అన్నాను. ఇంతకంటే బాగా ఎవరైనా చెప్పగలిగితే చెప్పండి. మాస్కు అంటే గుర్తొచ్చింది, 2020లో లాక్‌డౌన్ మొదట్లో ముళ్లు ముళ్లుగా కరోనా ఆకారంలో కారొకటి రోడ్డు మీద తిరిగిందని టీవీలో వచ్చింది చూడండి, అదీ సుధాకర్ గారి చేతిపనే. జనం ఇళ్లల్లో ఉండాలని చెప్పడానికి చేశారు. అప్పుడు ఇంట్లో కూర్చుని ఆ వార్త చూస్తూ ఈయనకేం పనిలేదా అని నేనే అన్నాను, ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చింది బుల్లి డబుల్ డెక్కర్ బస్సు. పదిమంది పడతారట. నచ్చడానికి కారణం పనితనం ఒక్కటే కాదు. మా చిన్నప్పుడు సికింద్రాబాద్ నుంచి ఈ జూ పార్కుకే 7జెడ్ నంబరు డబుల్ డెక్కర్ వచ్చేది. పై అంతస్తులో ముందు సీటు కోసం నేనూ అక్కా కొట్టుకునేవాళ్లం, చెట్టు కొమ్మలు అద్దానికి తగులుతుంటే తల వంచుకునేవాళ్లం, అద్దం ఉందని తెలిసి కూడా. తర్వాత ఆ బస్సులు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో కరెంటు డబుల్ డెక్కర్లు కొన్ని వచ్చాయి గానీ ట్యాంక్‌బండ్ వైపు ఏసీలో కూర్చుని తిరిగేవి వేరు, చెమటతో మేడెక్కి గాలికి మొహం పెట్టేది వేరు. జూకి అని బయల్దేరి, జూ మూసి ఉండి, ఆ జూకి మమ్మల్ని తీసుకొచ్చిన బస్సు పిల్లలా ఇక్కడ నిలబడి ఉండటం చూసి నాకు కాస్త గొంతు పట్టేసింది. పాపకి చెబితే "బస్సుకి మేడెందుకు, ఇంకో బస్సు వేయొచ్చుగా" అంది. లాజిక్కే.

చిన్న బండ్లలో 33 సెంటీమీటర్ల ఎత్తు మోటారు బైకు ఒకటుంది, గంటకి 30 కిలోమీటర్లు పోతుందట. నా మోకాలి కంటే తక్కువ ఎత్తు. దానిమీద కూర్చున్న మనిషి మోకాళ్లు చెవుల దగ్గరికి రావాలి. ఇంకోవైపు చూస్తే ఇదే మనిషి ప్రపంచంలో అతి పెద్ద మూడు చక్రాల సైకిల్ చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. 2005 జులై 1న మన హైదరాబాద్‌లోనే తొక్కారు. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, పొడవు 37 అడుగుల 4 అంగుళాలు, చక్రం అడ్డకొలత 17 అడుగులు. నాలుగంతస్తుల మేడంత సైకిల్ అన్నమాట. ఈ కొలతలు చదివి వినిపించాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే ప్రశ్నలు మొదలు. చైను ఎంత పొడుగు పడ్డది? మీద కూసున్నోడు తొక్కితే కింద చక్రానికి బలం ఎట్ల అందింది? గాలొస్తే? మరి కరెంటు తీగలు? ఈ ఆఖరి ప్రశ్న నాకు తట్టనే లేదు. మన గల్లీల్లో తీగలు మేడ మీద బట్టలారేస్తే తగిలేంత ఎత్తులో ఉంటాయి, 41 అడుగుల సైకిల్ వాటి కింద నుంచి ఎలా పోతుంది, పోదు, కాబట్టి తీగలు లేని దారి వెతుక్కుని ఉండాలి. బ్రేకు వేసి దిగడం ఎలా అన్నదైతే ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

ఇవి రోడ్డు మీద ఎందుకు తిరగవని పాప అడిగినట్టే మీకూ అనిపించొచ్చు. రోజూ రోడ్డెక్కాలంటే బండికి రిజిస్ట్రేషన్ కావాలి, దానికి బోలెడు నిబంధనలు, కంపెనీ ఇచ్చిన బండి రూపం ఇష్టమొచ్చినట్టు మార్చడానికే 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, ఇక బర్గర్‌కి నంబర్ ప్లేటు ఎవరిస్తారు. అందుకే ఎక్కువగా ఇలా నిలబడే ఉంటాయి. ఇంజినున్న బండి కదలకుండా ఉంటే చూడటానికి కొంచెం దిగులుగానే ఉంటుంది. ఏదో ఒకటి ఒక్కసారి స్టార్టు చేసి ఆ చప్పుడు వినిపిస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారనిపించింది, నాది అత్యాశే కావొచ్చు.

ఎవరికి నచ్చదో కూడా చెప్తాను. పాతకాలపు రోల్స్‌రాయిస్‌లు, నవాబుల కార్లు చూడాలనుకుని వెళ్లేవాళ్లకి నచ్చదు, అవి చూడాలంటే వేరే చోటికి వెళ్లండి. కళ అంటే గోడకి వేలాడాలి అనుకునేవాళ్లకీ నచ్చదు. బర్గర్ కారు నాకూ పెద్దగా ఎక్కలేదు, చూడగానే నవ్వొచ్చి రెండో చూపుకి ఏమీ మిగలలేదు, సోఫా కూడా అంతే. ఇలాంటివి కొన్ని ఉంటాయి, ఒక మనిషి ఇన్నేళ్లు చేసినవన్నీ ఒకే మోతాదులో ఉండవుగా. ఫొటోల కోసమే అయితే ఇరవై నిమిషాలు చాలు. డ్రైవర్ ఆట ఆడుకుంటూ, బోర్డులు చదువుకుంటూ, వంగి లేచి చూస్తే గంటన్నర పడుతుంది, మాకు అంతకంటే ఎక్కువే పట్టింది. కళ్లజోడు మర్చిపోకండి.

వెళ్లడం సులువే. మెట్రోలో అయితే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకోవాలి, జూ పార్కు దగ్గర అంటే అందరికీ తెలుసు. సొంత బండిలో శంషాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆరాంఘర్ నుంచి జూ పార్కు దాకా 2025లో ఫ్లైఓవర్ వచ్చాక ప్రాణం హాయిగా ఉంది, అంతకుముందు ఆ దారిలో పడ్డ పాట్లు తలుచుకోవద్దు. ఒకే రోజులో జూ కూడా చూద్దామనుకుంటే వద్దు. జూ 380 ఎకరాలు, అది తిరిగి వచ్చాక పిల్లలకి ఇక్కడ వంగే ఓపిక ఉండదు. సాలార్‌జంగ్‌తో కలిపితే బాగుంటుంది, పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ, శుక్రవారం మాత్రం సాలార్‌జంగ్‌కి సెలవు. చూశారా, ఇప్పుడు సెలవులన్నీ నాకు కంఠతా వచ్చాయి. మేం బయటికొచ్చి చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగి ఉస్మానియా బిస్కెట్లు ఒక డబ్బా కట్టించుకుని ఇల్లు చేరాం. పాప పులి గురించి దారిలో ఒక్కసారి కూడా అడగలేదు.

మార్కులు వేయమంటే నేను 5కి 4 వేస్తాను. నాన్న మార్కులు వేయడు. కానీ ఆ రాత్రి అన్నం తింటూ తింటూ ఆగి, పాత షెడ్డు దోస్తుకి ఫోన్ కొట్టి ముప్పావు గంట మాట్లాడాడు. బంతి మీద లైటు ఇరగలే అని ఆయనకీ చెప్పాడు. ఫోన్‌లో ఆయన నమ్మినట్టు లేదు, నువ్వు కండ్లద్దాలు పెట్టుకున్నవా అని అడిగాడట. దాంతో వచ్చే నెల మళ్లీ ప్రయాణం ఖాయమైంది, ఈసారి ఆ దోస్తుతో కలిసి, పాత టార్చిలైటు కూడా పట్టుకెళ్తారట, గాలి దారి ఇంకా రెండు బండ్లలో దొరకలేదని నాన్నకి మనసులో ఉంది. ఆ దోస్తు మోకాళ్లు మా నాన్నవాటికంటే అధ్వాన్నం. వంగేది ఎవరో, పట్టుకుని లేపేది ఎవరో అప్పుడు చూడాలి.